అత్త దాచిన ఎర్రముడి మూట: ఈ గింజ ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

జాజిపందిరి, విజయనగరం
ఆగస్టు 17

అందరికీ నమస్కారం. ఆఫీసులో ఫైళ్ళు తప్ప మొక్కలు తెలియని మనిషిని. అందుకే ఉన్నదంతా రాస్తున్నాను, పొడవైతే విసుక్కోకండి.

మా అత్తవారి ఊరు రాజాం పక్కన. నేను కాపురానికొచ్చినప్పుడు అది శ్రీకాకుళం జిల్లా, 2022లో విజయనగరంలో కలిపేశారు. మా ఆయన మాత్రం ఇప్పటికీ "మాది సిక్కోలు" అనే చెప్పుకుంటారు. అత్త పోయి రెండేళ్ళవుతోంది. ఈ ఎండాకాలం పెంకులు నేయించడానికి వెళ్ళి అటక ఖాళీ చేస్తుంటే మూత బిగుసుకుపోయిన పాలపొడి డబ్బా ఒకటి దొరికింది. పట్టుకారు చివరతో మూత లేపితే నిండా పొయ్యి బూడిద. పారబోయబోయి, ఎందుకో చెయ్యి పెట్టి చూశాను. లోపల అయిదు మూటలు! అన్నీ పాత చీర పేలికలే, ఒక్కోటి ఒక్కో రంగు. అత్తకి చదువు రాదు, పేర్లు రాసే ప్రశ్నే లేదు. ఏ రంగులో ఏముందో ఆవిడకి తెలుసు. మేమెవరం అడగలేదు.

ఆకుపచ్చ మూటలో ఆనప గింజలు. అవి నేను కూడా పోల్చుకోగలను. నీలం మూటలో పెసలో మినుములో, మొత్తం పుచ్చి పిండయిపోయింది. పసుపు గుడ్డలో గుప్పెడు కూడా లేని వడ్లు. ఇన్ని తక్కువ వడ్లు ఎందుకు దాచిందో అర్థం కాలేదు. తెల్ల పేలికలో బూడిదరంగు నూగుతో చిన్న చిన్న గింజలు, ఎలుక పిల్లల్లా ఉన్నాయి. పత్తి అని మా ఆయన అన్నారు.

అసలు గొడవ ఎర్ర మూటతో. అందులో తొమ్మిది గింజలు. చింతగింజ కన్నా బాగా పెద్దవి, నా బొటనవేలి గోరు దాటి ఉన్నాయి. ముదురు ఎరుపు, బల్లపరుపు కావు, ఉబ్బుగా ఉన్నాయి. ఒక అంచున దాదాపు గింజ పొడవునా నల్లగీత, కంటికి కాటుక దిద్దినట్టు. పేలిక లోపల రోజువారీ కేలండరు కాగితం చుట్టి ఉంది: 2016 అక్టోబరు. అంటే మూట అప్పటిదో, ఆ తర్వాతదో.

ఏరువాక పున్నమి మర్నాడు తొమ్మిదింటినీ నీళ్ళలో నానేశాను. తెల్లారేసరికి మూడు ఉబ్బాయి, ఆరు గులకరాళ్ళలా అలాగే ఉన్నాయి. ఉబ్బిన మూడింటినీ ఇక్కడ మా పెరట్లో పెట్టాను. రెండు కుళ్ళిపోయాయి. ఒకటి తొమ్మిదో రోజున మట్టిని పెంకులా లేపుకుంటూ పైకొచ్చింది. ఇప్పుడు సన్నజాజి పందిరంతా దానిదే. మూడేసి ఆకులు, ఒక్కో ఆకు నా అరచేతి కన్నా పెద్దది. పక్కింటావిడ చూసి "ఇది దూలగొండమ్మా, పూత రాకముందే కోసెయ్, లేకపోతే వీధిలో పిల్లలందరూ ఒళ్ళు గోక్కుంటారు" అంటోంది. మా ఆయన చిన్నప్పుడు "పే...ద్ద చిక్కుడు" తిన్నట్టు గుర్తుంది అంటారు, అంతకు మించి గుర్తులేదు.

పొడవాటి కాడ మీద మొగ్గలు కనిపిస్తున్నాయి. కొయ్యనా, ఉంచనా? మిగిలిన ఆరు రాళ్ళనీ ఏం చెయ్యను? ఆనప తీగలు మూడొచ్చాయి, వాటి గురించి బెంగ లేదు.


చోడిఅంబలి, గజపతినగరం
ఆగస్టు 17

అప్పా, కొయ్యకు. దూలగొండి మా గట్ల మీద బోలెడుంది, దాని గింజ ఇంత ఉండదు. నల్లగానో చారలుగానో ఉంటాది. ఆకు తిరగేసి చూడు, దూలగొండయితే అడుగున వెండిలా మెరిసే నూగు తగుల్తాది. పువ్వు ముదురు ఊదారంగు, గుత్తిగా కిందికి వేలాడతాది. దురద పెట్టేది కాయ మీది నూగు, తీగ కాదు. కాబట్టి పువ్వు చూసేదాకా ఆగినా నష్టం లేదు.

ఆరు గింజలు రాళ్ళలా ఉన్నాయంటే సంతోషించు. నానంగానే ఉబ్బి మెత్తబడ్డ పాత గింజే తరచూ చచ్చిన గింజ. రాయిలా ఉన్నదాని లోపలికి నీరే పోలేదు, ప్రాణం ఉండొచ్చు. సిమెంటు గచ్చు మీద ఒక పక్క గీకు. నల్లగీత ఉన్న పక్క ముట్టుకోకు, మొలక ఆ దగ్గరే ఉంటాది. ఎదురు పక్క పైతోలు చిరిగి లోపలి తెలుపు కనిపిస్తే చాలు, ఆపెయ్. తర్వాత రాత్రంతా నీళ్ళలో వెయ్. ఆరూ ఒకేసారి వేసెయ్యకు, మూడు దాచుకో.

ఆనప కాసి చేదుంటే ఉప్పేసి పిండు, పోతాది.


కోటజంక్షన్, విజయనగరం
ఆగస్టు 17

ఆ పసుపు గుడ్డలో వడ్లు విత్తనం కోసం దాచినవి కాకపోవచ్చండి. పైడితల్లమ్మ పండగలో సిరిమానుకి ముందు రోజు, తొలేళ్ళ రాత్రి, పూజారి చేతుల మీదుగా రైతులకి విత్తనాలు పంచుతారు. వాటిని తెచ్చుకుని తమ విత్తనంలో కలిపి చల్లుకుంటే పంట బాగుంటుందని నమ్మకం. మా తాతగారు ఏటా ఆ గింజల కోసం తోసుకుంటూ వెళ్ళేవారు. పసుపు గుడ్డ, గుప్పెడు కన్నా తక్కువ వడ్లు అనగానే నాకు అదే తట్టింది. సిరిమాను దసరా తర్వాత మంగళవారం కదా, అక్టోబరు కాగితం కూడా సరిపోతోంది. మీ అత్తగారు విజయనగరం పండక్కి వచ్చేవారా?


జాజిపందిరి
ఆగస్టు 18

వచ్చేవారు! మా ఇంట్లోనే దిగేవారు. రాత్రి పదకొండింటికి ఎవరితోనో కోట దగ్గరకి వెళ్ళి తెల్లవారుజామున వచ్చేవారు. నేను మాత్రం మర్నాడు ఆఫీసుందని పడుకునేదాన్ని. కాగితం ఎర్ర మూటలోది, వడ్ల మూటలోది కాదు, అయినా మీ మాటే నిజమనిపిస్తోంది. వడ్లు దేవుడి గూట్లో పెట్టేశాను.

ఆకు తిరగేసి చూశాను. వెండి మెరుపు లేదు, చేతికి నున్నగానే తగిలింది.


గుండీలసంచి, సాలూరు
ఆగస్టు 18

మా మామ్మ కూడా ఇలాగే బూడిదలో మూటలు దాచింది. ఎంతో ఆశగా విప్పాం. రెండింటిలో గుండీలు, ఒకదాంట్లో చెల్లని పావలాలు. పావలా మొలకెత్తించే చిట్కా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.


సైన్సుమాస్టారు, బొబ్బిలి
ఆగస్టు 19

అమ్మా, ముందు ఒక ముఖ్యమైన మాట. పైన తమ్ముడు ఆనప గురించి చెప్పింది వినకండి. తమ్ముడూ, కోపగించుకోకు. చేదు ఆనపలో కుకుర్బిటాసిన్ అనే విషపదార్థం ఉంటుంది. ఉప్పేసి పిండితే పోదు, ఉడికించినా పోదు. చేదు ఆనపరసం తాగి మనదేశంలో మనుషులు చనిపోయారు కూడా. ఎప్పటి గింజో, ఏ తీగ పుప్పొడి తగిలి పుట్టిందో తెలియని ఆనప కాస్తే, ప్రతి తీగలోనూ మొదటి కాయ తొడిమ దగ్గర గోరంత ముక్క కోసి నాలికకి తగిలించి ఉమ్మేయండి. చేదు తగిలితే ఆ తీగ పీకేయడమే. ఒక తీగ బాగుందని పక్క తీగని నమ్మకండి.

ఇక మీ ఎర్ర గింజ. నాకు బలమైన అనుమానం ఉంది గానీ, గింజ మాటల్లో విని చెప్పేయడం నా పద్ధతి కాదు. మొగ్గ విచ్చాక ఒక పని చేయండి. పక్కనే చిక్కుడు పువ్వో, బొబ్బర్ల పువ్వో పెట్టి చూడండి. ఈ జాతి పువ్వులన్నిటికీ అయిదు రేకుల్లో ఒకటి పెద్దది, గొడుగులా పైన నిలబడుతుంది. మీ పువ్వులో ఆ పెద్ద రేకు పైన ఉందా, కింద ఉందా?

బూడిదలో పెట్టడం గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పిన నోరు. బూడిద తేమ పీలుస్తుంది, పురుగు ఒంటిమీది మైనపు పూతని గీకేసి దాన్ని ఎండబెట్టి చంపుతుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందని విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో, బిగుతు మూత డబ్బాలో పొడి బూడిద కన్నా చవకైన ఉపాయం ఇంకేముంది? పెసల మూట మాత్రం కట్టేటప్పటికే పురుగు గుడ్లతో ఉండి ఉంటుంది. పొలంలో కాయ మీదే గుడ్లు పెడతాయవి.


ఏకుదారం, పొందూరు
ఆగస్టు 21

నూగు గింజల గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. పత్తే. మా ఇంట్లో మూడు తరాలుగా వడుకుతున్నారు.

పెరట్లో ఏళ్ళ తరబడి నిలిచే పెద్ద చెట్టుపత్తికి సాధారణంగా గింజ నల్లగా, నున్నగా ఉంటుంది. దూది లాగితే చప్పున ఊడొస్తుంది. మీది నూగు గింజ కాబట్టి దేశవాళీదైనా కావాలి, మామూలు అమెరికా జాతిదైనా కావాలి. ఇంతకు మించి గింజ చెప్పదు, మొక్క చెబుతుంది. దేశవాళీ ఆకు కోడికాలి వేళ్ళలా లోతుగా చీలి ఉంటుంది, పువ్వు పసుపు, గొంతులో ఎర్రమచ్చ, కాయ చిన్నది, తల వాల్చుకుని ఉంటుంది. అమెరికా జాతికి వెడల్పాకు, మీగడరంగు పువ్వు.

మా దగ్గర సన్నఖాదీకి కొండపత్తి, పునాసపత్తి వాడతారు. గింజ తీయకముందే వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడ పళ్ళు ఎంత సన్నమంటే వేలితో రాస్తే గరుకుతనం తెలుస్తుంది గానీ కంటికి ఒక్కో పన్నూ విడిగా ఆనదు. అలా దువ్విన దూదిలోంచి తీసిన గింజకి ఇంకా నూగు అంటుకునే ఉంటుంది. అందుకే మీ వర్ణన చదవగానే మనసు అటు పోయింది. మీ అత్తగారి పుట్టిల్లు ఎక్కడ?


జాజిపందిరి
ఆగస్టు 22

లావేరు వైపు! పొందూరుకి పక్కనే కదా. ఒళ్ళు జలదరించింది. పుట్టింటి నుంచి కొండపత్తి గింజలు తెచ్చుకుని దాచుకుందంటారా?


ఏకుదారం
ఆగస్టు 22

అలా అనుకుంటే బాగుంటుంది. కానీ గింజ ఆ సాక్ష్యం చెప్పదండి. ఆవిడ అరుగు మీద కూర్చుని దేవుడి వత్తులు చేసుకునేవారా? చాలా ఇళ్ళలో అందుకే నాలుగు మొక్కలు వేసుకునేవాళ్ళు. అది ఏ పత్తయినా కావొచ్చు. ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో పెట్టి చూడండి. పత్తి గింజలో నూనె ఎక్కువ, నిల్వలో తొందరగా చెడుతుంది. ఎక్కువ ఆశ పెట్టుకోకండి.


జాజిపందిరి
సెప్టెంబరు 6

చాలా ఉంది చెప్పాల్సింది.

పత్తి ముందు. ఇరవై పెట్టాను, పది రోజులు గుడ్డ తడి ఆరకుండా చూశాను. ఒక్కటీ మొలవలేదు. నొక్కితే లోపల పసుపుపచ్చగా, పాడైపోయిన నూనె వాసన. మిగిలినవి పెట్టలేదు, పెట్టినా అంతేనని తెలుసు. అవును, వత్తులు చేసేది. కుడికాలు చాపుకుని, వేళ్ళకి విబూది రాసుకుని పిక్క మీద దొర్లించేది. కార్తీక పున్నమికి 365 వత్తుల కట్ట ఆవిడదే. పోయినేడాది కొట్లో కొన్నాం.

ఇప్పుడు పువ్వు. నిన్న పొద్దున్న ఆరున్నరకి పందిరి కింద స్టూలు వేసుకుని ఎక్కాను. పొడవాటి కాడ, దాని మీద అంగుళానికో కణుపు, ప్రతి కణుపు దగ్గరా చిన్న బొడిపె. బొడిపెల మీద చీమలు గుంపులుగా. పువ్వుల దగ్గర కాదు, బొడిపెల దగ్గరే. పువ్వు లేత గులాబీ, తెలుపు కలిసిన రంగు. పక్కింటావిడ పందిరి నుంచి చిక్కుడు పువ్వు ఒకటి అడిగి తెచ్చుకుని పక్కన పట్టుకున్నాను. చిక్కుడుకి పెద్ద రేకు పైన. దీనికి కింద! పువ్వు మొత్తం తలకిందులుగా పూసింది. నాకు అర్థమయ్యేసరికి స్టూలు మీద నవ్వుకుంటూ నిలబడ్డాను, కింద మా ఆయన "దిగు, ఆఫీసు టైమయింది" అంటున్నారు.

మాస్టారూ, ఇది ఏమిటి?


సైన్సుమాస్టారు
సెప్టెంబరు 6

తమ్మకాయ అమ్మా. కొందరు చమ్మకాయ అంటారు. తలకిందుల పువ్వు, కాడ మీది బొడిపెలు, వాటిలో ఊరే తేనె కోసం చేరే చీమలు, అన్నీ ఆ జాతి లక్షణాలే. ఇందులో రెండు రకాలు. తెల్ల గింజ, పొట్టి నల్లగీత ఒకటి. ఎర్ర గింజ, దాదాపు గింజంత పొడుగు గీత ఇంకొకటి. మీది రెండోది, కాయ కత్తిలా పెరుగుతుంది, అడుగు దాటినా ఆశ్చర్యపోకండి. కంటికి కాటుక అని మీరు రాసినప్పుడే అనుకున్నాను, పువ్వు చూసేదాకా నోరు కట్టేసుకున్నాను.

తెల్ల గింజ రకానికి పెద్ద చరిత్రే ఉంది. 1926లో జేమ్స్ సమ్నర్ అనే అమెరికన్ ఆ గింజల పిండి నుంచే యూరియేజ్ అనే ఎంజైమును స్ఫటికాలుగా తీశాడు. ఎంజైములు ప్రోటీన్లేనని తేలడానికి అది పునాది. మొదట చాలామంది నమ్మలేదు. 1946లో నోబెల్ ఇచ్చారు. సమ్నర్‌కి చిన్నప్పుడే వేటలో తుపాకి గుండు తగిలి ఎడమచెయ్యి పోయింది, ఎడమచేతి వాటం మనిషి. ఒంటిచేత్తో చేసిన పని అది. క్లాసులో ఈ కథ చెప్పి బల్ల మీద తమ్మగింజ పెడితే వెనకబెంచీవాళ్ళు కూడా లేచి నిలబడేవారు.

తినడం గురించి: లేత కాయే కూర. వేలితో నొక్కితే లోపల గింజ తెలియకుండా ఉండాలి. ముదిరిన గింజలో శరీరానికి పడని పదార్థాలున్నాయి. నానబెట్టి, పొట్టు తీసి, నీళ్ళు మార్చి మార్చి ఉడికించి తినేవాళ్ళున్నారు, మీరు ఆ జోలికి పోకండి.


చోడిఅంబలి
సెప్టెంబరు 7

మాస్టారూ, ఆనప విషయంలో తప్పు నాదే. మా ఇంట్లో ఎన్నాళ్ళుగానో అలాగే పిండేస్తున్నాం, ఇక మానేస్తాం.

అప్పా, లేత తమ్మకాయకి రెండు పక్కలా నార తీసి సన్నగా తరిగి ఉడకబెట్టు. నీళ్ళు వార్చి, ఆవపెట్టి, చింతపండు, చిన్న బెల్లంముక్క. గచ్చు మీద గీకిన గింజలు ఏమయ్యాయి?


జాజిపందిరి
సెప్టెంబరు 7

మూడు గీకాను. ఒకటి గట్టిగా గీకేసి పప్పే పగలగొట్టాను. రెండు మొలిచాయి, నాలుగో రోజుకే! ఒకటి మా ఊరి ఇంటి దగ్గర కంచె పక్కన పెట్టించాను, ఒకటి చెల్లెలికిచ్చాను. మూడు రాళ్ళు ఇంకా డబ్బాలో ఉన్నాయి.


జాజిపందిరి
జనవరి 19

పండక్కి ఊరెళ్ళొచ్చి రాస్తున్నాను. ఇన్నాళ్ళూ చప్పుడు లేకుండా ఉన్నందుకు ఏమీ అనుకోకండి.

ఆనప మూడు తీగల్లో ఒకటి చేదు. మాస్టారు చెప్పినట్టే గోరంత ముక్క నాలికకి తగిలించాను, అరగంట దాకా నోరు కడుక్కుంటూనే ఉన్నాను. పీకేశాం. మిగతా రెండూ గుండ్రటి బుర్ర ఆనపలు, రుచి బాగుంది. ఒకదాన్ని కొయ్యకుండా ఎండబెడుతున్నాం.

తమ్మకాయలు కాశాయి. పొడుగుది కొలిస్తే పదమూడు అంగుళాలు. ఆవపెట్టిన కూర వండాను. మా ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఏమీ అనలేదు, రెండో ముద్దకి "ఇదే" అన్నారు.

అక్టోబరు వానలకి పందిరి ఒక పక్కకి ఒరిగిపోయింది. సన్నజాజిని దాని కింద నుంచి లాగి తీయాల్సి వచ్చింది. వెదుర్లు తీసి మా ఆయన కర్రలు పాతుతుంటే అప్పుడు గుర్తొచ్చింది. అయిదారేళ్ళ కిందటేమో, అత్త మా పెరట్లో ఈ పందిరినే చెయ్యి పెట్టి ఊపి చూసి, "ఇది సాలదే. అది ఎయ్యాలంటే రాటలు కావాల" అంది. నేను ఫోన్లో ఉన్నాను. "ఏదత్తా?" అని కూడా అడగలేదు.

పెరట్లోని తీగకి రెండు కాయలు ముదరనిచ్చి ఎండబెట్టాను. మొదటిదాంట్లో తొమ్మిది గింజలు, ఒకటి పుచ్చు. రెండోది ఇంకా గలగలమనడం లేదు. మాస్టారికి రెండు, గజపతినగరానికి రెండు పంపిస్తాను, అడ్రసులు విడిగా మెసేజి పెట్టండి. ఏకుదారం గారూ, మీ దగ్గర పత్తిగింజలుంటే నాకు కొన్ని ఇస్తారా? నాలుగు మొక్కలు చాలు, వత్తులకి.

రెండు గింజలు పక్కింటావిడ తీసుకుంది. దూలగొండి అన్న ఆవిడే. మిగిలిన రెండూ, పాత రాళ్ళు మూడూ కలిపి అదే డబ్బాలో వేశాను. ఎర్ర పేలికే వాడాను గానీ, లోపల కాగితం మీద "తమ్మకాయ, గట్టి పందిరి" అని రాసి పెట్టాను.